పెద్దవయసున పాట నేర్చుట



సంగీతప్రసంగమనగానే రాగలక్షణములను గూర్చియో, వాగ్గేయకారుల చరిత్రలను గూర్చియో వినబోవుదుమని తాము తలంపవచ్చును. నేను చెప్పదలచినది అంత పెద్దసంగతి కాదు. అరువది యేండ్లు వచ్చువఱకు నోరు విప్పి పాడనివారు, ఇప్పుడు రామాలయమున నలుగురితోపాటు కూర్చుండి ఒక్క కీర్తనను శ్రుతి తప్పక పాడగోరినచో ఎక్కడ మొదలుపెట్టవలెను? గొంతు చెడకుండ ఎట్లు సాగవలెను? ఇంతమాత్రమే నా విషయము.

పల్లెల భజనసమాజములవారికి పాట చెప్పుట నాకు చిరకాలముగ వృత్తి. పిల్లలకు చెప్పుట తేలిక. పిల్లవాడు తప్పు పాడినచో నవ్వి మరల పాడును. పెద్దలకు మనుమలు నవ్వుదురేమో యను సంకోచము మొదటి అడ్డంకి. అంతకంటె బలమైనది మఱియొకటి కలదు. చిన్ననాట ఎవరో ఒకరు, బడిపంతులో, అన్నయో, మేనమామయో, "నీది గాడిద గొంతురా, నోరు మూయుము" అని యుందురు. అన్నవారు ఆ సాయంకాలమునకే మఱచిపోయి యుందురు. విన్నవానికి మాత్రము ఆ మాట యేబది సంవత్సరములు గొంతునకు గడియయై కూర్చుండును. ఇట్టివారిని నేను ప్రతి యూరను చూచితిని. భజనకు అందఱికంటె ముందు వచ్చి, దీపము వెలిగించి, చాపలు పఱచి, తాళము వేసి, పాట మాత్రము పెదవులతో నటించి వెళ్లువారు వీరే.

వీరిలో నిజముగ సంగీతము పట్టువడనివారు ఎందఱు? నాదముల హెచ్చుతగ్గులను చెవి బొత్తిగ గుర్తింపలేని లోపము పుట్టుకతోనే కలవారు కొందఱున్నారు. ఆ విషయమును పరిశోధించినవారి లెక్కలలో వారు నూటికి నలుగురికి మించరు. తక్కినవారిలో అపస్వరము పాడువారి చెవి చాలవఱకు చక్కగనే యుండును; వినినదానిని గొంతుతో పట్టుకొనుటయే వారికి అలవాటు కాలేదు. ఇది నాగలి పట్టుట వంటి అలవాటే. ఎదుటివాడు అపస్వరము పాడినప్పుడు తమకు చెవి చివుక్కుమనుచున్నదా? అట్లయినచో తమ చెవి బాగుగ నున్నట్లే.

ఒక సంగతి చెప్పెదను. గోదావరి జిల్లాలో ఒక రైతు నలువది సంవత్సరములుగ భజనలో తాళము వేయుచుండెను. లయ విషయమున అంతటి నిక్కచ్చిమనిషిని నేను చూడలేదు. పాడుమని అడిగితిని. "నాకు గొంతు లేదండి పంతులుగారూ, నా పని తాళమేనండి" అనెను. ఆ సమాజమువారు హార్మోనియముపై ఐదవ శ్రుతిలో పాడుట అలవాటు. వారి నాయకుడు పూర్వము పౌరాణికనాటకములలో పద్యములు పాడినవాడు. నేను ఆ రైతును ప్రక్కకు పిలిచి, మాటలాడు గొంతుతోనే "రామా" యని సాగదీయుమంటిని. ఆ నాదము ఒకటవ శ్రుతి షడ్జమమునకు సరిపోయినది. ఆ శ్రుతి పెట్టి పాడించితిని. ఎన్నియో యేండ్లుగ వినుచున్న కీర్తనయే గనుక సాహిత్యము కంఠస్థము. వరుసయు నూటికి తొంబదిపాళ్లు సరిగ వచ్చినది. ఆయనకు లేనిది గొంతు కాదు, తగిన శ్రుతి. అందని కొమ్మకు నలువదేండ్లు ఎగిరి, తనకు చేతులు లేవనుకొనెను.

కావున మొదటిమెట్టు శ్రుతి. దీనిని కొంచెము నిదానముగ చెప్పవలసియున్నది.

మెడ ముందుభాగమున ముడివలె గట్టిగ చేతికి తగులునది స్వరపేటిక. దాని లోపల రెండు మెత్తని మడతలు కలవు. వీనిని స్వరతంత్రులందురు. పురుషులకు వీని పొడవు సుమారు ముప్పాతిక అంగుళము; స్త్రీలకు అంతకంటె తక్కువ. ఊపిరి వెలికి వచ్చునప్పుడు ఈ మడతలు రెండును ఒకదానికొకటి తాకుచు విడిపోవుచు కదలును. ఆ కదలికయే నాదము. ఒకటవ శ్రుతిలో మగవాని మధ్యషడ్జమమునకు ఇవి సెకనునకు సుమారు 130 మారులు కదలును. పంచమమునకు దానికి ఒకటిన్నర రెట్లు, అనగా 195. తారషడ్జమమునకు సరిగ రెట్టింపు, 260. పొడవుగ, దళసరిగ నున్న తంత్రులు తక్కువ శ్రుతికి, పొట్టిగ, పలుచగ నున్నవి హెచ్చు శ్రుతికి తగును. వీణెపై తంత్రులకు గల నియమమే యిది. లావుతంత్రిని తారస్థాయికి బిగింపబోయిన వైణికుని ఎవరైన వారింతురు. గొంతు విషయమున ఆ వారించువారే తోడివారితో పోటీపడి బిగించుచున్నారు.

తమ శ్రుతిని తెలిసికొను ఉపాయము ఇది. హార్మోనియమున తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు అని లెక్క, నల్లమెట్లు అరలు. ఎవరిచేతనైన ఒకటవ మెట్టు నొక్కించి, దానితో గొంతు కలిపి మెల్లగ క్రిందికి దిగుచు రండు. గాలి మాత్రమే వచ్చి నాదము సన్నగిల్లుచోటు ఒకటి తగులును. దానికి ఒక మెట్టు పైన, స్పష్టముగ పలుకునట్టి స్వరమును మంద్రపంచమమని భావింపుడు. అక్కడనుండి ప ద ని స అని యెక్కినచో చేరునదియే తమ షడ్జమము. పురుషులలో పెక్కుమందికి ఇది ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల దగ్గఱ నిలుచును. స్త్రీలకు సాధారణముగ నాలుగు, ఐదు, ఐదున్నర. వయసు మీఱినకొలది మగవారి గొంతు కొంచెము హెచ్చుటయు, ఆడవారి గొంతు కొంచెము తగ్గుటయు కలదు. అందుచేత యౌవనమున ఏ శ్రుతిలో పాడితిమో ఆ శ్రుతినే పట్టుకొని వ్రేలాడనక్కఱలేదు. ఏటేట పరీక్షించుకొనుట మంచిది.

రెండవమెట్టు వినుట. పాడుట నేర్చుటలో సగము నోరు మూసికొని చేయవలసిన పని. తంబురకు నాలుగు తంత్రులు: మొదటిది పంచమము, నడిమి రెండును షడ్జమము, కడపటిది మంద్రషడ్జమము. తంబుర లేనివారికి తిత్తి శ్రుతిపెట్టె కలదు. విద్యుత్తుతో పలుకునదియు కలదు. ఇప్పుడు దాదాపు ప్రతి యింటను ఉండు సెల్‌ఫోనులోనే తంబురనాదమును పలికించుకొనవచ్చును. దేనిదైనను సరే, ఆ నాదమును రెండు నిమిషములు ఊరక వినుడు. పిమ్మట పెదవులు మూసి "మ్" అని షడ్జమమున గొంతు కలుపుడు. శ్రుతి కలసినదో లేదో ఎట్లు తెలియును? దీనికి గురువు అక్కఱలేని పరీక్ష ఒకటి కలదు. రెండు నాదములు దగ్గఱగ నుండియు కలియకున్నచో, రెండును చేరి హెచ్చుచు తగ్గుచు ఒక ఊపు పుట్టును. తంబుర 130, తమ గొంతు 132 అయినచో సెకనునకు రెండు ఊపులు. గొంతును వెండ్రుకవాసి దించినకొలది ఆ ఊపు నిదానించి, కలసినప్పుడు మాయమగును. అప్పుడు తమ గొంతు తమకు వేఱుగ వినబడదు, తంబురలో మునిగిపోయినట్లుండును. ఆ క్షణమును ఒక్కసారి అనుభవించినవారికి శ్రుతి యననేమో మాటలతో చెప్పనక్కఱలేదు. పదునైదు దినములు ఇంతకంటె వేఱు పాఠము నేను చెప్పను. షడ్జమము, పంచమము, తారషడ్జమము, ఈ మూడే. కొందఱు విసుగుకొందురు. విసుగుకొననివారే నిలిచిరి.

హార్మోనియమును గూర్చి ఇక్కడ ఒకమాట. మన ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి, 1971 వఱకు లోనికి రానీయలేదు. దాని మెట్లు స్థిరములు. గమకమునకు చోటు లేదు. అంతరగాంధారము వంటి స్వరములు తంబురలో సహజముగ వినబడు స్థానములకు ఒకింత ఎడముగ నుండును. పండితులు వాదించినది ఇదియే. అంతటి కోపము పల్లెభజనకు అవసరము లేదని నా అభిప్రాయము. అయినను క్రొత్తగ నేర్చువారు పాటనంతయు హార్మోనియముపై వాయించుకొనుచు దాని వెంట పరుగెత్తకుండుట మేలు. స, ప మెట్లను మాత్రము నొక్కియుంచి, వరుసను గొంతే వెదకికొనవలెను. కఱ్ఱతో నడచువాడు కఱ్ఱను వదలడు. మఱియొకటి: వాద్యమును అనుకరించుటకంటె మనిషిగొంతును అనుకరించుట తేలిక. మగవారు స్త్రీగొంతును వినుచు నేర్చుకొనునప్పుడు మాత్రము ఆమె పాడిన ఎత్తుననే పట్టుకొనబోయి గొంతు చించుకొనవలదు. తమ శ్రుతిలోనికి దింపుకొని అదే వరుస పాడవలెను.

ఊపిరి మాటకు వచ్చెదను. పాడబోవుచు ఱొమ్ము విరిచి, భుజములెత్తి, ఊపిరి నింపుకొనుట చాలమందికి అలవాటు. ఇది నిష్ప్రయోజనము. ఊపిరితిత్తులకును కడుపునకును నడుమ గొడుగువలె పఱచుకొన్న కండరము ఒకటి కలదు. అది క్రిందికి దిగినప్పుడు ఊపిరి నిండును. కడుపు ముందుకు వచ్చును. చాపపై వెల్లకిల పండుకొని కడుపుపై చేయి వేసికొనుడు. నిద్రలో నడచు ఊపిరియే పాటకు తగిన ఊపిరి. దానిని కూర్చుండియు నిలుపుకొనుట అభ్యాసము. తీసికొన్న గాలిని ఒక్క పెట్టున విడువక, "స్" అని సన్నగ విడుచుచు ఎన్ని అంకెలు లెక్కింపగలరో చూడుడు. మొదట ఎనిమిదికే అలసినవారు కొన్ని వారములలో ఇరువదివఱకు పోవుటను నేను చూచితిని. ఊపిరి తీయవలసినది మాటకును మాటకును నడుమ. "రామచం" అని ఆగి, ఊపిరి పీల్చి, "ద్ర" అనినచో స్వరము ఎంత శుద్ధమైనను వినువారికి చివుక్కుమనును.

ఇక పాఠక్రమము. కర్ణాటకదేశమున పురందరదాసు, 1484 నుండి 1564 వఱకు జీవించినవాడు, బాలశిక్షకు మాయామాళవగౌళరాగమును ఏర్పఱచెనని సంప్రదాయము. సరళివరుసలు, జంటవరుసలు, అలంకారములు, గీతములు అను ఈ మెట్లే నేటికిని తెలుగునాట చెప్పుచున్నారు. మాయామాళవగౌళ డెబ్బదిరెండు మేళములలో పదునైదవది. దానినే ఏల కోరిరి? స రి గ మ అను నాలుగింటి నడుమ ఎంతెంత దూరములున్నవో, ప ద ని స అను నాలుగింటి నడుమను సరిగ అంతంతయే. స-రి దగ్గఱ, రి-గ దూరము, గ-మ దగ్గఱ. ప-ద దగ్గఱ, ద-ని దూరము, ని-స దగ్గఱ. క్రిందిసగము వచ్చినవానికి పైసగమును వచ్చినట్లే. మలహరి, సావేరి, బౌళి, నాదనామక్రియ ఈ మేళమున పుట్టినవే గనుక భజనలో వినినవారికి ఇది పరాయినాదము కాదు.

అయితే పెద్దలను సంవత్సరము పొడుగున సరళివరుసలలో కట్టివేయుటకు నేను ఒప్పుకొనను. ఈ మాటకు నాతో విద్వాంసులు కొందఱు తగవులాడిరి. కచేరీ చేయగోరు బాలునకు ఆ క్రమము తప్పదు. అరువదియేండ్లవారికి కావలసినది వేఱు. మొదటి నాలుగైదు వరుసలను ఒకటవ కాలమున, ఏ స్వరమునకు ఆ స్వరము నిలిచి, తప్పు లేకుండ పాడగలిగినపిమ్మట ఒక కీర్తన పట్టవచ్చును. అది తారషడ్జమమును మించనిదిగ, మధ్యషడ్జమమునకు మిక్కిలి దిగనిదిగ నుండవలెను. రామదాసు కీర్తనలలోను, త్యాగరాజస్వామి దివ్యనామకీర్తనలలోను ఇట్టివి చాలగలవు. అవి నలుగురు కూడి పాడుటకే తగినవి. పల్లవిని ఒక దినము, చరణమును మఱియొక దినము. మాటలు లేకుండ ముందు "ఆ" యని పాడి, వరుస నిలిచినపిమ్మట మాటలు చేర్చుడు. మాటలు వచ్చినంతమాత్రమున పాట వచ్చినదని భ్రమపడువారికి ఇది మంచి మందు.

తాళమును గూర్చి తమకు నేను చెప్పవలసినది స్వల్పము. ఆదితాళమనగా ఎనిమిది అక్షరములు: ఒక దెబ్బ, మూడు వ్రేళ్లు, పిమ్మట రెండుమారులు దెబ్బయు విసురును. చెక్కభజనయు, కోలాటమును, నాట్లపాటలును ఎఱిగిన చేతులకు ఇది ఒక్కపూటలో పట్టువడును.

సాధనకు పూటకు పదునైదు నిమిషములు, దినమునకు రెండు పూటలు చాలును. వారమునకొకసారి మూడుగంటలు పాడుటకంటె ఇది పదిరెట్లు ఫలించును. తెల్లవారుజామున గొంతు బరువుగ, క్రిందిశ్రుతిలో నుండును. అప్పుడు మంద్రస్వరములే పాడవలెను. తారస్థాయి సాయంకాలమునకు ఉంచుడు. మన గొంతు మనకు ఎముకలగుండను వినబడును గనుక ఇతరులు వినునది వేఱు, మనము వినునది వేఱు. జానపదగాయకులు చెవికడ చేయి నొగ్గి పాడుట ఉత్త అలవాటు కాదు. వెలికి పోవు నాదమును చెవికి త్రిప్పుకొను ఉపాయము. ఫోనులో తమ పాటను పట్టుకొని వినుట అంతకంటె నిక్కచ్చియైన అద్దము. మొదటిసారి విని అందఱును వెలవెలబోవుదురు. తమ గొంతు చెడ్డదని కాదు, క్రొత్తదని మాత్రమే దాని అర్థము.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచు సంగతి చెప్పవలెను. పాట రానివారికంటె, పాట వచ్చి గొంతు పోగొట్టుకొన్నవారిని చూచినప్పుడు నాకు ఎక్కువ బాధ కలుగును. ఏకాహమనగా ఒక దినమంతయు, సప్తాహమనగా ఏడు దినములు నామము ఆగరాదు. తెల్లవాఱుసరికి గొంతులు బొంగురుపోవును. "స్వామికి ఇచ్చితిమి" అని సంతోషింతురు. ఐదవ శ్రుతిలో తారషడ్జమమును ఒక నిమిషము నిలిపినచో స్వరతంత్రులు సుమారు 23,500 మారులు ఒకదానికొకటి తగులును. ఒకటవ శ్రుతి మధ్యషడ్జమమునకు 7,800. మడమకు చెప్పు ఒరసికొన్నచోట కాయ కాచినట్లే, రాత్రులపొడుగున అఱచువారి తంత్రులపై కాయలు కాయును. కాయ కాచిన తంత్రులు సరిగ మూసికొనవు, గాలి కారును, గొంతు జీరవోవును. మైకు లేని కాలమున నాటకశాలలో కడపటి వరుసకు వినబడవలెనని పద్యము నెత్తి పాడిరి. అప్పటికి అది అవసరము. ఇప్పుడు మైకు పెట్టియు అట్లే అఱచుటకు కారణము నాకు కానరాదు. మాటలాడునంత బలముతో పాడినచో మైకు తక్కిన పని చేయును.

ఏకాహమునకు నలుగురైదుగురు చొప్పున జట్లు కట్టుకొని, గంట పాడినవారు రెండుగంటలు విశ్రమించునట్లు చూచుకొనుడు. రాత్రి రెండుజాములు దాటగనే శ్రుతిని ఒక మెట్టు దింపుడు. గొంతు సకిలించుట మానుడు. అది తంత్రులను ఒకదానితో నొకటి కొట్టుటయే. దానికి బదులు ఒక గ్రుక్కెడు నీరు మ్రింగుడు. మిరియాలపాలు, కరక్కాయ, అతిమధురము త్రాగినను చప్పరించినను హాయియే గాని, అవి తంత్రులను తాకవు. ఆహారమార్గము వేఱు, గాలిమార్గము వేఱు. మ్రింగినది గాలిమార్గమున పోయినచో పొలమాఱును. తంత్రులను తాకునది ఊపిరితో పోవు నీటియావిరి ఒక్కటియే. దినమంతయు కొంచెము కొంచెముగ నీరు త్రాగుచుండినచో శరీరము లోపలినుండి వానిని తడిగ నుంచుకొనును.

చుట్టయు, బీడియు, పొగాకును పాటకు శత్రువులు. ఉత్తరకోస్తాజిల్లాలలో అడ్డపొగ త్రాగు అవ్వలకు నేను ఈ మాట చేతులు జోడించి చెప్పుచుందును; నిప్పుకొన నోటిలోపల నుంచికొను ఆ అలవాటు అంగిటికి పుండ్లను, క్యాన్సరును తెచ్చునని వైద్యులు రుజువుచేసిరి. జలుబు లేకయే గొంతు బొంగురుపోయి మూడు వారములు దాటినను తగ్గనియెడల, అది పాటవలననే వచ్చినదని సరిపెట్టుకొనక, గొంతువైద్యునకు చూపుడు. పొగత్రాగువారు అంతవఱకైన ఆగవలదు. స్వరపేటికకు వచ్చు క్యాన్సరునకు తొలిగుర్తు చాలమందిలో ఈ బొంగురే. తొలిదశలో కనిపెట్టినచో నయమగుటకు చాల అవకాశము కలదు. ఆలస్యమైనచో స్వరపేటికనే తీసివేయవలసి వచ్చును.

కడపట, స్త్రీపురుషులు కూడి పాడు భజనలో శ్రుతి సమస్య. పురుషులకు ఒకటి, స్త్రీలకు నాలుగైదు అని చెప్పితిని. నాయకుడు తన శ్రుతి పెట్టినచో అవతలివారు మూగబోవుదురు. చాల ఊళ్లలో పాట రానివారని పేరుపడినవారు ఇట్లు మూగబోయినవారే. మన పెద్దలు దీనికి మార్గమును ఎన్నడో చూపిరి. ఒకటవ శ్రుతిలోని మధ్యమము నాలుగవ శ్రుతి షడ్జమమునకు సమానము. ఎక్కువ పైకి పోని పాటలను మధ్యమమునే షడ్జముగ పెట్టుకొని పాడుటను మధ్యమశ్రుతి యందురు. నాదనామక్రియ వంటి రాగములు అట్లే పాడుదురు. నాలుగవ శ్రుతిలో షడ్జమము సుమారు 175, పంచమము 262. ఈ రెంటి నడుమ తిరుగు పాట మగవారికి మిక్కిలి పైది కాదు, ఆడవారికి మిక్కిలి క్రిందిది కాదు. కావున తమ సమాజముయొక్క పాటలపుస్తకమును ముందు పెట్టుకొని, పంచమమును దాటని పాటలను ఒకవైపు, తారస్థాయికి పోవు పాటలను మఱియొకవైపు గుర్తుపెట్టుడు. మొదటివానిని అందఱును నాలుగవ శ్రుతిలో కలసి పాడవచ్చును. రెండవవానిలో ఒక చరణము మగవారు తమ శ్రుతిలోను, ఒక పాట ముగిసినపిమ్మట మఱియొకటి ఆడవారు తమ శ్రుతిలోను అందుకొనునట్లు ఏర్పాటు చేసికొన్నచో హార్మోనియము వాయించువానికి మాత్రము కొంచెము పని పెరుగును. ఆ వాయించువాడు ఒప్పుకొననిచో, ఆ మెట్టు మార్చు పనిని తాళము వేయుచు ఊరకున్న ఆయనకు నేర్పుడు.